సాండీ మెయిర్ దగ్గర మిగిలిన రెండు చోట్లు

ఎడింబరో,
ఫిబ్రవరి 12, 1972

ప్రియమైన జేమ్సీనా అత్తకి,

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పేస్తాను. ఏప్రిల్ ముప్పై తర్వాత మన పాత చర్చి సమాధుల తోటను మూసేస్తారట. కౌన్సిల్ వాళ్ళు గేటుకు నోటీసు అంటించారనీ, అది చదివి వచ్చినప్పటి నుంచి నువ్వు టీ కూడా సరిగ్గా తాగడం లేదనీ నాన్న ఫోనులో చెప్పాడు. అక్కడ ఏ చోటు ఎవరి పేరున ఉందో, ఆ మనిషి సంతతి అని రుజువు చూపించిన వాళ్ళకే ఇకమీద హక్కు. మన చోటు ‘అలెగ్జాండర్ మెయిర్, జాలరి’ పేరున ఉంది. అందులో ఇంకా ఇద్దరికి ఖాళీ ఉంది. రుజువు లేకపోతే ఎవరైనా సరే, కొండ వెనక టర్నిప్ చేల మధ్య వేసిన కొత్త తోటకే. అక్కడి నుంచి సముద్రం కనిపించదు.

నీకేం కావాలో నాకు తెలుసు. డోడ్ మామ పడవతో పాటే పోయాడు, ఆయనకు సమాధి లేదు. హార్బరు ముఖద్వారం కనిపించే చోట నువ్వు ఉండాలనీ, రాయి మీద నీ పేరు పక్కన ఆయన పేరు కూడా చెక్కాలనీ నా చిన్నప్పటి నుంచి చెబుతున్నావు. మన ఇంట్లో ఊరి బడి దాటి చదివిన మొదటి మనిషిని నేను. చదివేది చరిత్ర. నా సొంత అత్తకు ఈ పని చేసిపెట్టలేకపోతే ఇక ఆ చదువెందుకు?

అందుకని రికార్డుల ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. లోపలికి పెన్ను తీసుకెళ్ళనివ్వరని నాకు తెలియదు. పక్కన కూర్చున్న గిలెస్పీ గారు దయతలచి తన పెన్సిలు ఇచ్చారు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ రోజుల్లో పోర్ట్‌క్రెయిగ్‌లో ఎటు చూసినా అలెగ్జాండర్ మెయిరే. పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టడం తప్ప మనవాళ్ళు ఇంకో పేరు ఆలోచించినట్టు లేదు. బిడ్డ చనిపోతే తర్వాత పుట్టిన బిడ్డకూ అదే పేరు. వీళ్ళలో మన అలెగ్జాండర్ ఎవరు?

ఇంకొక కుటుంబం కూడా ఆ చోటు తమదేనని అర్జీ పెట్టిందట. ఎవరని అడిగితే నాన్న దగ్గాడు. రెండు కుటుంబాలు తేల్చుకోకపోతే చోటు ఎవరికీ ఇవ్వరట.

నీకు తెలిసినదంతా రాయి. చూసింది ఒక పక్క, విన్నది ఒక పక్క రాస్తే మంచిది. ఆధారం లేని మాట చరిత్ర కాదని మా లెక్చరర్ అంటారు.

ఇట్లు, నీ మేనకోడలు
మ్యూరియెల్


పోర్ట్‌క్రెయిగ్,
ఫిబ్రవరి 18

ఏమే చదువులమ్మా,

చూసింది ఒక పక్కా, విన్నది ఒక పక్కానా? మీ లెక్చరరు వాళ్ళ ముత్తాతని కళ్ళతో చూశాడా? వాళ్ళమ్మ చెబితే నమ్మలేదూ? నేనూ అంతే. ఆధారం కావాలంటే నన్నే ఆ ఆఫీసుకి తీసుకెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టు.

నీకు పుస్తకాల్లో పేరు దొరుకుద్దిగానీ మనిషి దొరకడు. ఈ ఊళ్ళో మెయిర్ అని కేకేస్తే సగం వీధి వెనక్కి తిరిగి చూస్తుంది. ఇక్కడ అలెగ్జాండర్ అంటే సాండీయే, అందుకేగా సాండీ పక్కన మారుపేర్లు పెట్టుకుంది! సాండీ గంట, సాండీ పిల్లి, సాండీ బిషప్, సాండీ బన్. అలెగ్జాండర్ అని వాళ్ళమ్మ కూడా పిలిచి ఉండదు. మనం బన్‌లం. మా ముత్తాత సాండీ బన్, వేటకెళ్తే జేబులో ఎప్పుడూ ఒక బన్ను ఉండేదంట. ఆ చోటు ఆయనది. రాయి మీద ఆయన పేరు, కింద ఆయన భార్య ఆన్ స్లేటర్ పేరు నేను కళ్ళారా చూశాను. ఇది ‘చూసింది’ పక్కన రాసుకో.

మీ నాన్న ఎందుకు దగ్గాడో నేను చెప్తా. ఆ అర్జీ పెట్టింది ఎదురింటి హ్యూయీనా మెయిర్. ఆ సాండీ బిషప్ ఇంటి పిల్ల. ఒకప్పుడు దాంతో కలిసి యార్మత్ రేవులో హెర్రింగు చేపలు కోశాను. నేను కోసేదాన్ని, అది పీపాల్లో పేర్చేది. ముప్పై నాలుగేళ్ళ కిందట మీ డోడ్ మామ పడవెక్కడానికి వెళ్తుంటే ఎదురొచ్చి ఆ మాట అంది. ఆ మాట నేను కాగితం మీద కూడా పెట్టను. ఆదివారం నల్లకోటేసుకుని పైన నిలబడి ప్రసంగం చేస్తాడే, ఆయన్ని పిలిచే మాట. వేటకెళ్ళేవాడి ఎదుట ఎవరైనా ఆ మాట అంటారా? అది పడవకి చేటని పసిపిల్లలకి కూడా తెలుసు. పందన్నా, కుందేలన్నా ఊరుకుందును, వాటి చేటు కొంచెమే. ఆ పడవ మళ్ళీ రాలేదు. ఆ రోజు నుంచీ దానితో నాకు మాటల్లేవు. ఇప్పుడు నా చోటు కూడా కావాలంట!

పార్సిల్‌లో రెండు జతల మేజోళ్ళు పంపుతున్నా. అక్కడ చలికి వేసుకో. బావున్నాయో లేదో ఒక్క ముక్క రాయి. మీ మామకీ ఇలాంటివే అల్లాను, ఒక్క మాట అనకుండానే పోయాడు. మేజోళ్ళ కింద పొగబెట్టిన చేపలున్నాయి. అవి నీక్కాదు, రికార్డులిచ్చేవాడికి. చేప పెడితే తొందరగా తీసిస్తాడు.

ఆ గిలెస్పీ ఎవరు? పెన్సిలిచ్చాడంటే మంచివాడే. జాలర్లా, పొలాలున్నవాళ్ళా?

మీ అత్త
జేమ్సీనా


ఎడింబరో,
మార్చి 4

ప్రియమైన అత్తకి,

మేజోళ్ళు చాలా బాగున్నాయి, వెచ్చగా ఉన్నాయి. ఈ మాట ముందుగా రాస్తున్నాను.

చేపల సంగతి. రికార్డుల ఆఫీసులో ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు అత్తా. ఆ మాట చెప్పేలోపే వాసన నాకంటే ముందు లోపలికి వెళ్ళిపోయింది. ఒక పెద్దమనిషి లేచి కిటికీ తెరిచాడు. ఇంకొకాయన ఆకలేస్తోందని తన సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. నా సంచిని వాకిట్లో కోటు తగిలించే కొక్కేనికి వేలాడదీయమన్నారు. ఆ పక్కనే ఎవరిదో కొత్త కోటు ఉంది. ఆ చేపలు చివరికి గిలెస్పీ గారు, నేను పంచుకున్నాం. ఆయన చాలా మెచ్చుకున్నారు.

పని కొంత సాగింది. నువ్వు రాసిన మారుపేర్లు నాకు దీపంలా పనికొచ్చాయి. చర్చి పుస్తకాల్లో సాండీ గంటకు బాప్తిస్మం దొరికింది, సాండీ పిల్లికి దొరికింది, మన సాండీ బన్‌కూ దొరికింది. సాండీ బిషప్‌కు మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, కానీ పుట్టలేదు. గిలెస్పీ గారికీ ఇలాంటి కష్టమే. ఆయన తన వంశం ఒక రాజుగారి దగ్గర మొదలైందని నమ్మి అక్కడికి వస్తున్నారు. ఇప్పటిదాకా గొర్రెల దొంగ ఒకడు దొరికాడు.

పద్ధతి ప్రకారం రెండో వైపు కూడా వినాలి. అందుకని హ్యూయీనా గారికి ఒక ఉత్తరం రాశాను, ఆమె ముత్తాత గురించి తెలిసింది చెప్పమని. వెంటనే జవాబు ఇచ్చారు. చాలా మర్యాదగా రాశారు. వాళ్ళ ముత్తవ్వ ఐసొబెల్ కౌవీ కూడా ఆ చోటులోనే ఉందని వాళ్ళ నాన్న చెప్పేవాడట. నువ్వు దీన్ని తప్పుగా తీసుకోవని నమ్ముతున్నాను.

నీ
మ్యూరియెల్


పోర్ట్‌క్రెయిగ్,
మార్చి 9

మ్యూరియెల్ గారికి,

మీరు మర్యాద తెలిసినవాళ్ళతోనే రాసుకోండి. నేను హెర్రింగులు కోసినదాన్ని.

నువ్వు దానికి రాశావన్న సంగతి నీకంటే ముందు పోస్టాయన చెప్పాడు. “ఎడింబరో నుంచి ఎదురింటికి కూడా వచ్చిందండీ, అదే చేతిరాత” అని వీధి మధ్యలో నిలబడి అన్నాడు. అది కిటికీ దగ్గర కూర్చుని ఆ ఉత్తరం పొద్దస్తమానం చదువుతుంది, నాకు కనిపించేలాగ. రెండు పేజీలు రాశావంట! నాకెన్ని రాశావో లెక్కేసుకున్నా, నాకూ రెండే.

సాండీ బిషప్ పుట్టలేదంటే నాకేం ఆశ్చర్యం లేదు. బిషప్పులు ఏ పనీ సరిగ్గా చెయ్యరు. ఆ ఐసొబెల్ ఎవరో రాయి మీద లేదు. రాయి మీద ఆన్ ఉంది. చూశాను. నా రెండు కళ్ళతో.

ఒకే ఒక్క మంచి మాట ఆ గిలెస్పీది. చేప బావుందన్నాడుగా. రాజుల వంశమంటే పొలాలుండే ఉంటాయి. నేను చర్చిలో ఆడవాళ్ళకి చెప్పాను, అందరూ సంతోషించారు. ఆయన ఛాతీ కొలత పంపు, స్వెట్టరు మొదలుపెడతా. మన ఊరి అల్లికే వేస్తా. రేపు మునిగి ఎక్కడ ఒడ్డుకి కొట్టుకొచ్చినా, ఆ అల్లిక చూసి మనవాడని తెలియాలిగా.

జేమ్సీనా మెయిర్


ఎడింబరో,
మార్చి 25

ప్రియమైన అత్తకి,

దయచేసి స్వెట్టరు ఆపు. గిలెస్పీ గారికి డెబ్బై రెండేళ్ళు. చర్చిలో ఆడవాళ్ళకు ఈ మాట నువ్వే చెప్పాలి, నా వల్ల కాదు. అమ్మ నిన్న ఫోను చేసి, “అంత తొందరేమొచ్చిందే, చదువు పూర్తి కానీ” అని ఏడ్చింది. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు.

హ్యూయీనా గారికి రాసినందుకు నీకు కోపం వచ్చిందని తెలుసు. నీకు చెప్పి రాయాల్సింది. కానీ ఆమె రాసిన ఆ ఒక్క ఐసొబెల్ పేరు లేకపోతే, ఇప్పుడు రాయబోయేది నాకు దొరికేది కాదు. కూర్చుని చదువు.

దేశమంతటా జననాల రిజిస్టర్లు మొదలైంది 1855లో. ఆ మొదటి సంవత్సరం వాళ్ళకు ఉత్సాహం ఎక్కువ. తల్లిదండ్రుల పెళ్ళి ఎప్పుడైంది, ఇంతకుముందు పుట్టిన పిల్లలెంతమంది, అన్నీ అడిగి రాశారు. తర్వాతి ఏడు అంత ఓపిక లేక మానేశారు. మన అదృష్టం కొద్దీ సాండీ బిషప్‌కు, ఐసొబెల్ కౌవీకి మొదటి కొడుకు సరిగ్గా ఆ ఏడే పుట్టాడు. పెళ్ళి అంతకు ముందటి ఏడు. కానీ ఆ తండ్రికి అప్పటికే ముగ్గురు మగపిల్లలున్నారని పేర్లతో సహా రాశారు. ఏడాదిలో ముగ్గురు ఎలా వస్తారు?

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. అది కాదు. ఆ ముగ్గురి పేర్లు పట్టుకుని తర్వాతి జనాభా లెక్కల్లో వెతికాను. ముగ్గురూ స్లేటర్ అనే ముసలావిడ ఇంట్లో పెరుగుతున్నారు. ఆమె ఆన్ స్లేటర్ తల్లి. ఆమె వృత్తి దగ్గర ‘బన్నులు చేసి అమ్మడం’ అని ఉంది.

అత్తా, సాండీ బన్, సాండీ బిషప్ ఇద్దరు కారు. ఒక్కడే. మొదటి భార్య ఆన్ చనిపోయాక ఆయన ఐసొబెల్‌ను చేసుకుని, బిషప్ ఇల్లు అని పిలిచే ఆమె ఇంటికి మారాడు. అక్కడ ఆయన బిషప్ అయ్యాడు. అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలు బన్‌లయ్యారు. వాళ్ళ మనవల నాటికి ఊరు ఒక మనిషిని ఇద్దరిగా చేసుకుంది. సాండీ బిషప్ బాప్తిస్మం దొరకకపోవడానికి కారణం కూడా ఇదే, దాన్ని నేను అప్పటికే సాండీ బన్ కింద రాసేసుకున్నాను.

అంటే నువ్వూ హ్యూయీనా గారూ ఒకే ముత్తాత మునిమనవరాళ్ళు. చోటు మీ ఇద్దరిదీ. ఖాళీలు కూడా రెండే.

నువ్వు జవాబు రాసేదాకా నాకు నిద్ర పట్టదు.

నీ
మ్యూరియెల్


పోర్ట్‌క్రెయిగ్,
ఏప్రిల్ 8

ఒసే మ్యూరీ,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పడేశా. మళ్ళీ తీశా, అంచు కాలింది. మా ముత్తాతని తీసుకెళ్ళి బిషప్పుల ఇంట్లో పెడతావా? ఆ రాయి మీద ఐసొబెల్ లేదని నీకు తేల్చి రాద్దామని నిన్న పొద్దున్నే, ఎవరూ లేవకముందు, చేపలు కోసే నా పాత కత్తి పట్టుకుని పాత తోటకి వెళ్ళా. ఆ రాయి సగం దాకా నేలలో కూరుకుపోయింది. గడ్డి తీసి చూస్తే గొడవ వదులుతుందనుకున్నా.

అక్కడ ఎవరో మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒక చేతిలో వేణ్ణీళ్ళ కెటిల్, ఇంకో చేతిలో బ్రష్షు. నువ్వు దానికీ ఇదే రాశావటగా!

“దొంగతనానికొచ్చావా?” అన్నా.

“నువ్వు కత్తితో వచ్చావు, నేను కెటిల్‌తో వచ్చా. ఎవరు దొంగో పోలీసులే చెప్తార్లే” అంది.

ముప్పై నాలుగేళ్ళ తర్వాత మా మొదటి మాటలు అవి. రాసిపెట్టుకో, చరిత్రకి పనికొస్తాయి.

ఇద్దరం గడ్డి తీశాం. “మెల్లగా గీకవే, అక్షరాలు పోతాయి” అంటుంది. “లక్ష హెర్రింగులు కోసినదాన్ని, రాయి గీకడం నాకు నేర్పుతావా?” అన్నా. “నేను పేర్చకపోతే నీ హెర్రింగులు వాటంతటవే పీపాలోకి నడిచెళ్ళేవి కాబోలు” అంది. ఆన్ స్లేటర్ కింద మట్టిలోంచి ఇంకో వరస బయటపడింది. హ్యూయీనా నీళ్ళు పోసింది, నేను తుడిచా. ‘అతని రెండవ భార్య ఐసొబెల్ కౌవీ’ అని ఉంది. ముసలాడి మీద కోపమొచ్చింది నాకు, ఒక్క మాట చెప్పి చావొచ్చుగా.

కాసేపటికి అది హార్బరు వైపు చూస్తూ అంది, “ఆ రోజు నేను ఆ మాట అన్నమాట నిజమేనే జేమ్సీనా. ఆ నల్లకోటాయన మీ ఆయన్ని వెతుకుతున్నాడు, నిద్రమొహాన తిన్నగా అనేశా. మీ ఆయన నవ్వాడే.”

“నవ్వాడా?”

“నవ్వి, ఆదివారం వస్తానని ఆయనకి చెప్పమన్నాడు. ప్యాంటు పైకి లాగి మేజోళ్ళు చూపించాడు. ‘మా ఆవిడ అల్లింది, ఈ రేవులో ఇంత వెచ్చటివి ఎవరికీ లేవు. దానికి మాత్రం చెప్పకు, ఇంకో పది జతలు తొడుగుద్ది’ అన్నాడు.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?” అన్నా.

“మూడుసార్లు వచ్చా. నువ్వు తలుపు తియ్యలేదుగా.”

తియ్యలేదు, నిజమే. గడియ కూడా పెట్టా.

మిగిలిన నీళ్ళతో టీ పెట్టుకుందామా అంది. రాయి కడిగిన నీళ్ళతో టీ ఏంటే, బుద్ధుందా అని తిట్టి మా ఇంటికి రమ్మన్నా. వచ్చింది. పోస్టాయన చూసి సైకిలు మీంచి పడబోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ ఒకరి మీద ఒకరిని పెడతారంట కదా. కింద ఎవరు, పైన ఎవరు? బిషప్పు మీద పడుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. నా మీద బిషప్పు పడుకోవడానికి ఉంది. హ్యూయీనాని అడిగితే అదీ ఇదే మాట అటు తిప్పి చెప్పింది. సాయంత్రం దాకా తేల్లేదు. కౌన్సిల్‌లో అడిగి చెప్పు.

స్వెట్టరు ఛాతీ దాకా వచ్చేసింది, ఇప్పుడు విప్పలేను. డెబ్బై రెండేళ్ళాయనకి పెళ్ళయిందా? సొంత సమాధి చోటుందేమో కూడా కనుక్కో. మా ఇద్దరిలో ఒకరు అటు సర్దుకోవచ్చు.

మీ అత్త
జేమ్సీనా బన్


ఎడింబరో,
ఏప్రిల్ 14

ప్రియమైన జేమ్సీనా అత్తకి, హ్యూయీనా అత్తకి,

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను, ఎవరికెన్ని పేజీలు వచ్చాయో లెక్కపెట్టుకోనవసరం లేకుండా. బన్ ఇంటి టేబుల్ మీద పెట్టుకుని చదవండి.

కౌన్సిల్ ఆఫీసుకు ఫోను చేశాను. రిజిస్టరు నకళ్ళు, రాయి మీది వరస, రెండూ సరిపోతాయన్నారు. ఇక కావలసింది మీ ఇద్దరి సంతకాలు, ఒకే కాగితం మీద, ఒకరి కింద ఒకరు. ఆ కాగితం దీంతో పంపుతున్నాను. దాని మీద ఎవరు పైన సంతకం చేయాలన్న గొడవ రాకుండా అక్షరక్రమంలో గీతలు గీశాను.

కింద ఎవరు, పైన ఎవరు అని కూడా అడిగాను. గుమాస్తా ప్రశ్న ఇంకోసారి చెప్పమన్నాడు. మొదట వెళ్ళినవాళ్ళు కింద, తర్వాత వెళ్ళినవాళ్ళు పైన, అందులో కౌన్సిల్ చేయగలిగింది ఏమీ లేదన్నాడు. ఈ సంగతి విన్నాక మీరిద్దరూ పొద్దున్నే గంజి మానకుండా తాగుతారనీ, తడి కాళ్ళతో తిరగరనీ నాకు నమ్మకం.

గిలెస్పీ గారు పదేళ్ళ కిందటే భార్యను పోగొట్టుకున్నారు. సొంత చోటుంది గానీ అందులో అత్తగారి వైపు వాళ్ళు ఇప్పటికే నలుగురున్నారట. అందుకని ఆయన కూడా తొందరపడటం లేదు. స్వెట్టరు పంపు, వేసుకుంటానన్నారు. ఆయనకు ఇప్పుడు రెండో గొర్రెల దొంగ దొరికాడు.

ఇంకొక మాట. డోడ్ మామ పేరు చెక్కించడానికి నీ పేరు దాకా ఆగనక్కర్లేదట జేమ్సీనా అత్తా. రాయి చెక్కే ఆయన వేసవిలో రాగలడు. ఏం చెక్కాలో రాసి పంపు. మేజోళ్ళ మాట రాయి మీద పట్టదు, కానీ అది నేను నా పుస్తకంలో రాసుకున్నాను, ‘విన్నది’ పక్కన కాదు, ‘చూసింది’ పక్కన.

కాగితం ఏప్రిల్ 24 లోపల నాకు చేరాలి, 25న నేనే తీసుకుని బస్సెక్కుతాను. రెండు కవర్లు వద్దు, ఒకే కవరులో పంపండి. తొందర ఆ సంతకాలకు మాత్రమే. మిగతా దానికి మీ ఇద్దరిలో ఎవరూ తొందరపడకండి.

మీ మేనకోడలు
మ్యూరియెల్